ఏం తిన్నావని అడిగినప్పుడు

మా ఆయన బతికున్నన్నాళ్లూ ఇంట్లోకి వచ్చే మాంసం కవరు మీద ఏం రాసుందో నేను చూడలేదు. చూడాల్సిన పనిలేదు. ఆయన చేసిందే ఇక్కడ కెనడాలో గొడ్డు మాంసం ఫ్యాక్టరీలో ఉద్యోగం. పదకొండేళ్లు ఇనప తొడుగు చేతికి వేసుకుని, చలిగదిలో నిలబడి, కొక్కేలకి వేలాడుతూ వచ్చే తొడల నుంచి ఎముక వేరు చేశాడు. శుక్రవారం పని దిగి వచ్చేటప్పుడు పనివాళ్లకిచ్చే ధరకి ఒక పొట్లం తెచ్చేవాడు.

"ఇది నా చేత్తో కోసింది. కళ్లు మూసుకుని వండు" అనేవాడు. నేను కళ్లు మూసుకునే వండాను.

నాకు చదువు లేదు. సంతకం చేస్తాను, బస్సు నంబరు గుర్తుపడతాను, అంతే. ఇది కూడా నేను చెబుతుంటే మా చర్చి అమ్మాయి రాస్తోంది. ఇంగ్లీషులో నాకు వచ్చిన నాలుగు మాటలూ ఆయన ఫ్యాక్టరీ మాటలే. బీఫ్, బోన్, ఫ్యాట్, షిఫ్ట్.

ఒకరోజు పొద్దున షిఫ్టుకి వెళ్లబోతూ బూట్లు తొడుక్కుంటున్నవాడు కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. ఆ తర్వాత నేను ముసలివాళ్ల హోములో దుప్పట్లు ఉతికే పనిలో చేరాను. ఇక్కడ కోసిన మాంసం దుకాణంలో చూస్తే నా కూలికి అందేది కాదు. ఆయనే అనేవాడు, "మనం కోసిన మంచి కండ ఓడెక్కి యాడికో పోద్ది, యాడో కోసింది ఓడెక్కి మనకాడికి వస్తది, ఇదేం యాపారమో" అని. నేను కొనుక్కున్నది ఆ ఓడెక్కి వచ్చినదే. దుకాణం చివరి ఫ్రీజర్లో, తెల్ల సంచిలో, రాయిలా గడ్డకట్టి ఉండేది. ఏ దేశానిదో తెలియదు. ఎవర్నీ అడగనూ లేదు.

మేం అద్దెకున్నది గ్వెల్ఫ్‌లో ఒక పాత ఇంటి బేస్‌మెంట్. ఆయన పోయినా నేను అందులోనే ఉండిపోయాను. నా పొయ్యి వేరు, నా తలుపు వేరు. పైన చదువుకునే ఆడపిల్లలు, ఏడుగురు, అందరూ తెలుగువాళ్లే. ఆ రెండు మూడేళ్లూ ఊరు ఊరంతా పిల్లలే. పొద్దున బస్సులో నిలబడ్డానికి చోటుండేది కాదు. గదులు లేవు. హాలుకి అడ్డంగా దుప్పటి కట్టి ఒక మంచం, మెట్ల కింద ఒక మంచం, ఖాళీ అయిన రోజే ఇంకో పిల్ల పెట్టెలతో దిగేది. మంచం ఖాళీ ఉందని ఫోన్లో పెట్టేటప్పుడు "వెజిటేరియన్ అమ్మాయిలకు మాత్రమే" అని రాసేవాళ్లట. వాళ్ల వంటిల్లు వాళ్ల ఇష్టం, తప్పు పట్టను. కానీ పెట్టె తలకింద పెట్టుకుని ఎవరి హాల్లోనో పది రోజులు పడుకున్న పిల్ల ఆ మాట చదివితే ఏం చెబుతుంది? అవునండీ వెజిటేరియనే అంటుంది.

నేను చెప్పబోయే పిల్ల కూడా అలా చెప్పే పై ఇంట్లో చేరింది. ఇరవై రెండేళ్లుంటాయి. ఒంగోలు దగ్గర పల్లె. నాది పల్నాడు.

బట్టలుతికే మిషను నా గది బయట ఉండేది. ఆదివారాలు పై పిల్లలు వంతులవారీగా బట్టలు తెచ్చుకునేవాళ్లు. ఈ పిల్ల చేరిన రెండో ఆదివారం బుట్ట పట్టుకుని దిగేసరికి నా గది తలుపు తీసి ఉంది. లోపల తాడు మీద తునకలు ఎండుతున్నాయి. తునకలంటే ఏమిటో తెలియనివాళ్లకి చెబుతున్నాను. గొడ్డు మాంసాన్ని కండ వెంబడి పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి ఎండేసుకుంటాం. పని లేని రోజుల్లో, వానల్లో అదే కూర.

"ఆంటీ, అవేంటి?" అంది.

పైవాళ్లు ఎవరడిగినా చెప్పే మాటే చెప్పాను. "ఎండు చేపలమ్మా."

ఆ పిల్ల లోపలికొచ్చింది. తాడు దగ్గర నిలబడి వాసన పీల్చింది. నా మొహంలోకి చూసింది. "మరి ముళ్లేమైనయ్యి పెద్దమ్మా?" అంది.

ఆంటీ కాస్తా అక్కడికక్కడే పెద్దమ్మ అయింది. మీరెవరమ్మాయ్ అని నేను అడగలేదు. వాసన పట్టి తునకని గుర్తుపట్టిన పిల్ల ఏ పేటలో పుట్టిందో నాకు తెలుసు, నేనే పేటలో పుట్టానో దానికీ తెలుసు.

"మా నాయనమ్మ గోంగూరలో ఏస్తది. నువ్వు దేంట్లో ఏస్తావు?"

"ఇక్కడ మంచి గోంగూర యాడ దొరికిద్దే నా మొహం. వంకాయలో ఏస్తా."

"వంకాయలోనా! పాడు చేశావు పో."

ఆయన పోయాక నా వంటకి వంక పెట్టిన మనిషి అదే. నవ్వొచ్చింది. కూర్చోబెట్టి పెట్టాను. పాడు చేశావన్న కూరతోనే రెండుసార్లు అన్నం కలుపుకుంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం. మిషను తిరిగినంతసేపూ నా దగ్గర ఉండేది. తిన్నాక నా స్నానాలగదిలో పళ్లు తోముకుని, సోంపు నమిలి, బట్టలకేదో సెంటు కొట్టుకుని పైకి వెళ్లేది.

"ఏం తిన్నావని అడిగితే ఏం చెబుతావే?" అన్నానొకసారి.

"పప్పు అని చెబుతా. పప్పన్నం తిన్న మొహం ఎట్టా ఉండాలో నేర్చుకున్నాలే, చూడు" అని చేతులు కట్టుకుని, కళ్లు దించి, గుళ్లో నిలబడ్డట్టు నిలబడింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. దేవుడు నన్ను క్షమించాలి, ఆ అబద్ధం నాకప్పుడు ముచ్చటగా ఉంది.

మా ఊళ్లో అయితే మిద్దె మీద ఒక్క ఎండ చాలు, తునక కట్టెలా ఎండుతుంది. ఇక్కడ ఎండ ఎక్కడిది? హీటరు గొట్టం పక్కన తాడు కట్టి, ఫ్యాను పెట్టేదాన్ని. అయిదారు రోజులైనా లోపల పచ్చిగానే ఉండేది. మాంసం వచ్చిన సంచి మటుకు ఆ పూటే కత్తిరించి, మూడు కవర్లలో చుట్టి చెత్తలో పడేసేదాన్ని. పై పిల్లలకి నెత్తురు వాసన తగలకూడదని. ఎండినవి ఎండినట్టు ఒకే డబ్బాలో వేసేదాన్ని. పోయిన నెల ముక్కా ఈ వారం ముక్కా అన్నీ కలిసిపోయేవి.

ఆ పిల్లకి ఒక అలవాటు. తాడు మీద సగం ఎండినవాటిని తుంచుకుని పచ్చిగానే నమిలేది. వద్దే అంటే, "ఉప్పు పట్టిందిలే పెద్దమ్మా" అనేది. చిన్నప్పుడు మేమందరం చేసిన పనే. నోటితో వద్దన్నాను గానీ చెయ్యి పట్టి ఆపలేదు.

అలాంటప్పుడు టీవీలో వచ్చింది. బయటి దేశం నుంచి దిగిన గొడ్డు మాంసంలో ఏదో పురుగుందని, మనుషులు జబ్బు పడుతున్నారని, కొన్ని పెట్టెలు వెనక్కి తీసుకుంటున్నారని. హోములో ఇస్త్రీ చేస్తూ అందరూ అదే మాట. బస్సులో అదే. నేను దుకాణానికి వెళితే చివరి ఫ్రీజరు ఖాళీ, దాని మీద కాగితం అంటించి ఉంది. ఒక తెల్ల ముసలాయన కౌంటరు దగ్గర అరుస్తున్నాడు. మనకే ఇన్ని గొడ్లుండగా ఎవరిదో ఎందుకు తెస్తున్నారని అడుగుతున్నాడట. దుకాణం మనిషి నన్ను ఎరిగున్నవాడే, నాకు కొంచెం అర్థమయ్యే హిందీలో చెప్పాడు.

"సంచి మీద నంబర్ ఉంటుందమ్మా. ఆ నంబర్ చూసి చెప్పు, నీదో కాదో చెబుతా."

"సంచి లేదు. పారేశాను."

"సంచి లేకపోతే మాంసం కూడా పారెయ్. వేరే దారి లేదు."

పారేద్దామనే ఇంటికొచ్చాను. డబ్బా మూత తీశాను. నెల రోజుల పని అది. నా వేళ్లు ఉప్పుకి పగిలి ఉన్నాయి. తిండి చెత్తలో వేయడం మా అమ్మ నాకు నేర్పలేదు. ఉప్పులో ఏ పురుగూ బతకదని మాత్రం నేర్పింది. మా అమ్మ మాట ముందు టీవీ మాట ఎంత అనుకున్నాను. మూత పెట్టేశాను.

ఆదివారం పిల్లకి చెప్పాను, ఇట్టా అంటున్నారమ్మాయ్, ఈసారికి వద్దులే అని. అప్పటికే తాడు మీద నుంచి ఒకటి తుంచి నోట్లో వేసుకుంది.

"మన తాతలు ఏం తిని బతికారో తెలిస్తే ఆ పురుగే పారిపోద్ది పెద్దమ్మా" అంది, నములుతూ.

గురువారం నాటికి మంచం పట్టింది. కడుపులో కోత, విరేచనాలు. ఇక్కడికి వచ్చే ప్రతి పిల్లా ఊరి నుంచి ఒక సంచి మాత్రలు తెచ్చుకుంటుంది. జ్వరానికివి, విరేచనాలకివి అని వాళ్లమ్మలు చీటీలు అంటించి పంపిస్తారు. ఈ పిల్ల విరేచనాలు కట్టే మాత్రలు వేసుకుంది. తగ్గకపోతే యాంటీబయాటిక్ అంటారే, ఆ పెద్ద మాత్రలు కూడా మొదలుపెట్టింది. అవి ఆ జబ్బుకి మంచివి కావని తర్వాత డాక్టరు చెప్పాడు. శనివారం నాకు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, నెత్తురు పడతంది. నువ్వు పైకి మాత్రం రాబాక."

వెళ్లాను. అన్నేళ్లలో ఆ పై వంటింట్లో కాలుపెట్టడం అదే మొదలు. ఆ ఇంటిని నడిపేది హైదరాబాద్ పిల్ల, అగ్రిమెంటు మీద ఉన్నది ఆమె పేరే. మంచి పిల్ల, అబద్ధం ఎందుకు చెప్పాలి. దీనికి మొహం తుడిచింది, జావ కాచింది, దుప్పట్లు మార్చింది. "ఆంటీ, క్లినిక్‌కి తీస్కపోదాం. మీరు గూడ రండి, పెద్దోళ్లుంటే ధైర్యం" అంది.

క్లినిక్‌లో మేం ముగ్గురం వరసగా కూర్చున్నాం. జబ్బుపిల్ల ఇటు, నేను అటు, మధ్యలో హైదరాబాద్ పిల్ల. నర్సు ఓపిగ్గా ఒక్కొక్కటీ అడిగి రాసుకుంటోంది. ఏం తిన్నావు, ఎక్కడ తిన్నావు. కోడి? ఆకుకూరలు? బావి నీళ్లు? అవన్నీ నాకు సరిగా అర్థం కాలేదు. తర్వాత "బీఫ్?" అంది. అది నాకు అర్థమైంది.

పిల్ల మధ్యలో ఉన్న మనిషి మీదుగా నా వైపు చూసింది. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. వద్దు పెద్దమ్మా అన్నాయి ఆ కళ్లు. మంచం పోతుంది. చలికాలం మొదలవుతోంది, సగం చదువు మిగిలుంది, ఆ మంచం పోతే ఇంకోటి దొరకదు.

"నో. ఐ యామ్ వెజిటేరియన్" అంది పిల్ల.

"మా ఇంట్ల అందరం వెజిటేరియన్సే" అని హైదరాబాద్ పిల్ల ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది, దాని చెయ్యి పట్టుకుని.

నర్సు నా వైపు కూడా చూసింది. నా నాలుక నోట్లోనే ఉంది. ఆ ఒక్క మాట నాకు వచ్చు. పదకొండేళ్లు మా ఆయన నోట విన్న మాట. నేను చెప్పలేదు.

నీళ్లు బాగా తాగమన్నారు, పరీక్షకి విరేచనం పట్టి ఇమ్మని ఒక సీసా ఇచ్చారు, ఎక్కువైతే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. ఆ సీసా ఆ పిల్ల తిరిగి ఇవ్వలేదు. పరీక్షలో ఏది తిన్నదో బయటపడుతుందని భయపడిందట. అలా బయటపడదని దానికెవరు చెబుతారు? సోమవారం మధ్యాహ్నానికి మొహం ఉబ్బింది. ఒళ్లు సున్నం కొట్టినట్టు పాలిపోయింది. ముందు రోజు నుంచీ ఒంటికి పోలేదు. అంబులెన్సు వచ్చింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు చిన్నవాడు. మళ్లీ అదే అడిగాడు. హైదరాబాద్ పిల్ల మళ్లీ వెజిటేరియన్ అనబోయింది.

నేను ముందుకెళ్లి ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను. "బీఫ్. మై బీఫ్. షీ ఈట్. నో కుక్."

డాక్టరు నా వైపు తిరిగాడు. హైదరాబాద్ పిల్ల కూడా తిరిగింది. మంచం మీది పిల్ల కళ్లు మూసుకుంది. ఎప్పుడు, ఎంత, కవరుందా అని ఆయన అడుగుతున్నాడు. నో కవర్, నో కవర్ అని చెబుతూనే ఉన్నాను. దాన్ని తోసుకుంటూ లోపలికి తీసుకెళ్లిపోయారు.

వరండాలో హైదరాబాద్ పిల్ల నా పక్కకి వచ్చి కూర్చుంది. తర్వాత అడిగింది.

"క్లినిక్ల మీరు గూడ ఉన్నరు కద ఆంటీ. అప్పుడెందుకు చెప్పలే?"

"నువ్వు పక్కనున్నావని తల్లీ."

"నేనేం చేస్త అనుకున్నరు?"



"మేం అంత చెడ్డోళ్లమా?" అని తనే మళ్లీ అడిగి ఏడ్చింది.

"చెడ్డోళ్లని కాదమ్మా. దానికి మంచం కావాలి."

నాలుగో రోజు నేను పని నుంచి వచ్చేసరికి పై ఇంటి గిన్నెలన్నీ బయట చెత్తబుట్ట పక్కన పెట్టి ఉన్నాయి. పెనం, కుక్కరు, గరిటెలతో సహా. ఆ పిల్ల పై గిన్నెల్లో ఏనాడూ తునక వండలేదు. నా తలుపు దగ్గర దాని సామాను ఉంది. విసిరేయలేదు. బట్టలు మడతపెట్టి, పుస్తకాలు దారంతో కట్టి, ఫోను చార్జరు కూడా చుట్టి పెట్టారు. హైదరాబాద్ పిల్ల మెట్ల మీద నిలబడి, "బీఫ్ తిన్నదని కాదు ఆంటీ, అబద్ధం చెప్పినందుకు" అంది. నిజం చెప్పి ఉంటే చేర్చుకునేదానివా అని నేను అడగలేదు.  మర్నాడు రెండు పెట్టెలతో ఇంకో పిల్ల దిగింది.

ఆరోగ్యశాఖ నుంచి ఒకామె వచ్చింది. ఫోన్లో తెలుగు మాట్లాడే మనిషిని పెట్టుకుని నన్ను గంటన్నర అడిగింది. నా డబ్బా, తాడు మీద మిగిలినవి, కత్తి కూడా ప్లాస్టిక్ సంచుల్లో వేసుకుని తీసుకెళ్లింది. కొన్ని వారాలకి ఫోన్ వచ్చింది. తీసుకెళ్లిన వాటిలో ఏమీ దొరకలేదట. అయినా ఆ పిల్ల తిన్నవి వేరు, అవి కడుపులోకి పోయాయి. సంచి లేదు కాబట్టి వెనక్కి తీసుకున్న మాంసమో కాదో తేల్చలేరట.

"అంటే నా మాంసమేనా, కాదా?" అన్నాను.

ఆ తెలుగాయన ఆమెనడిగి, "చెప్పలేమంటున్నారమ్మా" అన్నాడు.

చెప్పలేమనే మాటతోనే ఉన్నాను అప్పటి నుంచి. అవునంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. కాదంటే ఊపిరి పీల్చుకునేదాన్ని.

పిల్ల బతికింది. ఆ జబ్బుకి దెబ్బతిన్న కిడ్నీలు మాత్రం మళ్లీ పనిలోకి రాలేదు. మెడ దగ్గర గొట్టం పెట్టి, మిషను మీద నెత్తురు కడిగేవాళ్లు. నేను పని దిగి రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. మొదటి రోజు కళ్లు తెరవగానే దాని ఒంటి గురించి అడగలేదు.

"నా మంచం ఉందా పెద్దమ్మా?"

"నా గదిలో ఉందువులే."

 మిషను తిరుగుతున్న చప్పుడు.

"ఎందుకు చెప్పావు?" అంది తర్వాత.

"చచ్చిపోతావని భయమేసిందే."

"శనివారం భయమెయ్యలేదా?"

   శనివారం నేను దాని మంచాన్ని కాపాడాననుకున్నాను.

కాలేజీలో ఆ టర్ము పోయింది. టర్ము పోతే ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిటు గొడవ, ఇన్సూరెన్సు ఎంతవరకు వస్తుందో తెలియదు, వారానికి మూడుసార్లు మిషను. తండ్రి ఊళ్లో బడి గంట కొట్టే మనిషి, ఆయనకి ఇక్కడికి వీసా రాలేదు. ఇంటికి పంపించేయడం తప్ప దారి లేదన్నారు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఎయిర్‌పోర్టులో లోపలికి తోసుకెళ్లారు. చెయ్యి ఊపుతుందేమోనని నిలబడ్డాను. ఒడిలో ఉన్న మందుల సంచి రెండు చేతులతో పట్టుకుని ఉంది, ఎలా ఊపుతుంది.

దుకాణంలో చివరి ఫ్రీజరు మళ్లీ నిండింది. కాగితం తీసేశారు. బస్సులో ఇప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తరు, ఇంటి అద్దెల మాట ఎత్తుతారు. నేను మాంసం మానేశాను. ప్రాయశ్చిత్తమేం కాదు. నోట్లో పెట్టుకుంటే మింగుడు పడటం లేదు, అంతే.

మొదట్లో వారానికోసారి నేను చేస్తే పిల్లే ఫోన్ ఎత్తేది. ఒంగోలులో మిషను పెట్టించుకుంటున్నానని, నీళ్లు కొలిచి తాగాలని చెప్పేది. ఊళ్లో వాళ్లకి కెనడా చలి పడలేదని చెప్పారట. తర్వాత తర్వాత వాళ్లమ్మ ఎత్తడం మొదలుపెట్టింది. పడుకుందమ్మా, ఇప్పుడే పడుకుంది అనేది. నేను ఏ వేళకి చేసినా పడుకునే ఉండేది.

పోయిన నెల చేసినప్పుడు వాళ్లమ్మ ఎత్తింది. వెనక నుంచి పిల్ల గొంతు వినపడింది, సన్నగా. "ఎవరమ్మా?" అని అడుగుతోంది.

"ఎవరో లేమ్మా. తెలియని నంబరు" అంది వాళ్లమ్మ.

ఆమె ఫోను పెట్టేయలేదు. నేను ఏమన్నా అంటానేమోనని ఆగింది. నేనే పెట్టేశాను.